క్లిప్పు మార్చే ఆ ఒక్క క్షణం

2014 మే 24 రాత్రి. ఎవరెస్ట్ ఉత్తరపు వైపు, టిబెట్ గడ్డ. 8,300 మీటర్ల ఎత్తున వేసిన ఆఖరి క్యాంపు దాటితే ఇక అంతా చీకటి. నుదుటి లైటు ఎంతమేర పడితే అంతవరకే దారి. ఆ దారిలో ఇద్దరు బడిపిల్లలు ఉన్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. రెండోవాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్.

ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం. భద్రాచలం వచ్చిన యాత్రికులు పర్ణశాల చూసుకుని వెనుదిరుగుతారు. తిరగకుండా గోదావరి ఎగువకు అలాగే పోతే, అడవి అంచున చర్ల వస్తుంది. ఆ ఊళ్ల పిల్లాడికి మంచుకొండ ఎక్కడిది? సాంఘిక సంక్షేమ గురుకులం చూపించింది. అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పూనుకున్నారు. శిక్షకుడు శేఖర్‌బాబు భువనగిరి కోట బండ మీద పిల్లలకు తాడు పట్టడం నేర్పారు. ఆ తర్వాత డార్జిలింగ్, లడఖ్.

శిఖరం దారి పొడవునా ముందే తాడు కట్టి ఉంటుంది. మంచులో కడ్డీలు దించి, రాతి పగుళ్లలో మేకులు కొట్టి, వాటికి తాడు బిగిస్తారు. ఎక్కేవాళ్ల నడుముకు హార్నెస్. దాన్నుంచి రెండు బంధాలు తాడు మీదికి వెళ్తాయి. ఒకటి జుమార్: పైకి జరుగుతుంది, బరువు పడితే పళ్లతో పట్టేస్తుంది. రెండోది విడి క్లిప్పు.

ప్రమాదం ముడి దగ్గర. తాడును కొండకు కట్టినచోట జుమార్ ముందుకు పోదు, తీసి అవతల వేయాలి. వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. మందపాటి గ్లౌజులు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. పక్కన వేల అడుగుల లోయ. అప్పుడు ముందు విడి క్లిప్పు తీసి ముడికి అవతల తగిలించాలి. అది పడిందని చూసుకున్నాకే జుమార్ తీయాలి. రెండూ ఒకేసారి ఊడితే ఆ మనిషికీ కొండకూ మధ్య ఏమీ ఉండదు. ప్రతి ముడి దగ్గరా ఇదే పని, ఇదే వరస. అలసిపోయాం కదా అని ఒక్కచోట మానడానికి వీల్లేదు.

తాడునూ గుడ్డిగా నమ్మకూడదు. ఉత్తరపు గట్టు మీద బండరాళ్లు ఎక్కువ. గాలికి తాడు అంచుకు ఒరుసుకుని పైపొర చిట్లుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌ను పైకి తెలియకుండా పెళుసు చేస్తాయి. బూటుకింది ఇనుప పళ్లు తొక్కితే లోపలి పోగులు తెగుతాయి. పైగా పాత సంవత్సరాల తాళ్లు కొత్తవాటి పక్కనే వేలాడుతుంటాయి. వెలిసిపోయిన తాడుకు తగిలిస్తే ప్రాణాన్ని పందెం కాసినట్టే. దారిలో శవాలు కనిపించాయని పూర్ణ తర్వాత చెప్పింది. ఆ కొండ తప్పును క్షమించదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మే 25 ఉదయం. ఇద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. 13 ఏళ్ల 11 నెలల పూర్ణ, ఎవరెస్ట్ ఎక్కిన అతి పిన్న బాలికగా రికార్డుకెక్కింది. దిగేటప్పుడూ మళ్లీ అవే ముడులు, అదే వరస.

ఆ వరస హిమాలయాలకే పరిమితమైతే మనకెందుకు? మన పల్లెల్లో గీత కార్మికుడు పొద్దున్నే మోకు భుజాన వేసుకుని తాటిచెట్టు ఎక్కుతాడు. పాత పద్ధతిలో ఆయన ప్రాణానికి ఆధారం ఆ మోకే. అది తెగినా, పట్టు జారినా ఆపేందుకు రెండో బంధం లేదు. ఆ లోటు తీర్చడానికే 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. హార్నెస్, తాళ్లు, క్లిప్పులు. కాలు జారినా మనిషి చెట్టుకే వేలాడాలన్నది వాటి ఉద్దేశం.

అయితే కిట్టు సంచిలో ఉంటే ప్రాణం కాపాడదు. ఎక్కేముందు తాడును కొస నుంచి కొస దాకా చేత్తో తడమాలి. మెత్తబడిందా, గట్టిపడిందా, పోగులు లేచాయా చూడాలి. క్లిప్పు నోరు పూర్తిగా మూసుకుంటోందో లేదో సరిచూడాలి. అనుమానం వస్తే ఆ తాడును పక్కన పెట్టడం కాదు, మళ్లీ ఎవరూ వాడకుండా కోసేయాలి. ఒకసారి పడిపోతున్న మనిషిని ఆపిన తాడుదీ అదే గతి. కిట్టు ఇవ్వడం ప్రభుత్వానికి ఒక్కరోజు పని. తాడు చూసుకోవడం ఎక్కేవాడికి రోజూ పనే.