నాట్రంపల్లి సీమలో పాతనాణెములు: అసలు, నకలు

పాతనాణెము చేతికి వచ్చినప్పుడు సామాన్యుడు రెండు విధముల మోసపోవుచున్నాడు. తెలియని గుర్తులు కనబడినచో నకలని పారవేయును. తెలిసిన దేవుని బొమ్మ కనబడినచో అసలని వేలు, లక్షలు వెచ్చించును. ఈ రెండును పొరపాట్లేయని మన ప్రాంతపు నాణెములే చాటుచున్నవి.

నాట్రంపల్లికి పొరుగుననున్న తిరుపత్తూరు, వాణియంబాడి ప్రాంతములు పూర్వము బారామహలులోనివి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలు టిప్పుసుల్తానునుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. టిప్పు రాగినాణెములపై ఏనుగు బొమ్మ యుండును. 1787లో ఆయన ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు అంకెలను కుడినుండి యెడమకు చదువవలెను. ఎడమనుండి చదివినవారికి ఆ సంవత్సరము అసంభవముగా తోచును. అంతమాత్రమున నాణెము నకలు కాదు.

చంద్రగిరి, వేలూరులనుండి పాలించిన వెంకటపతిరాయల (1586–1614) బంగారు వరహాపై ఒకవైపు విష్ణుమూర్తియు, రెండవవైపు నాగరిలిపిలో వేంకటేశ్వరునికి నమస్కారమును గలవు. కంపెనీవారు సైతము ఈ సంప్రదాయమును విడువలేదు. 1807 ప్రాంతమున మద్రాసు టంకశాలలో ముద్రితమైన వెండి అరవరహా, పావువరహాలపై ఒకవైపు గోపురము, నక్షత్రములు. రెండవవైపు విష్ణువు, చుట్టును తమిళ, తెలుగు అక్షరములు కాననగును.

ఇట్లని ‘ఈస్టిండియా కంపెనీ, 1818’ అని వ్రాసి, రామపట్టాభిషేకమునో హనుమంతునో చూపు అణా, అర్ధణా బిళ్లలు అసలువి కావు. మద్రాసులో 1818 వరకు లెక్కలు వరహాలు, పణములు, కాసులలోనే జరిగెను. కంపెనీ రాజ్యమంతటికి ఒకే తీరు నాణెములు వచ్చుట 1835లోనే. అట్టి దేవతామూర్తుల అణాలను కంపెనీ ఎన్నడును ముద్రింపలేదు. పూజకై చేసిన రామటంకములు వేరు, చెలామణి నాణెములు వేరు. ఈ బిళ్లలు బియ్యపుగింజల నాకర్షించునని నమ్మించి, ‘రైస్ పుల్లింగ్’ పేరిట ధనమపహరించువారు నేడును గలరు.

పరీక్షావిధానము కఠినము కాదు. అచ్చుతో కొట్టిన నాణెముపై అక్షరముల అంచులు స్పష్టముగా నుండును. పోతపోసినదానిపై అవి మొద్దుబారి, సన్నని బుడగల గుంటలును, అంచున అతుకు గీతయు కనబడును. 1835 నాటి వెండి రూపాయి తూకము సుమారు 11.66 గ్రాములు, మిక్కిలి భేదమున్నచో సందేహింపవలెను. చింతపండుతో తోమరాదు, తోమినచో సాక్ష్యమే చెరిగిపోవును.

భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము శాసించుచున్నది.

తెలుగు చదువనేర్చిన మన బాలుడు మద్రాసు పావువరహాపై తన లిపిని గుర్తింపగలడు. ఆ లిపిని చదువువాడు కరవైననాడు అసలు నాణెము మూగబోవును, నకలు నాణెమే మాటాడును.