రోలు రాయిలో రెప్పపాటు

మీ ఇంటి రోలు వయసెంతో చెప్పగలరా? అత్తగారి అత్తగారి నాటిదంటారు; మహా అయితే నూరేళ్లు. కాని అది తొలిచిన రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు! మా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏనుగులు పడుకున్నట్టు కనబడే గుట్టలు ఆ కాలానివే.

ఆ రాతిలో పొటాషియం ఉంటుంది. దాని పరమాణువుల్లో పదివేలకు ఒకటి చొప్పున నిలకడ లేనివి. 125 కోట్ల ఏళ్లలో వాటిలో సగం మారిపోతాయి, మరో 125 కోట్ల ఏళ్లలో మిగిలినవాటిలో సగం. అంటే గుట్ట పుట్టిననాటి సరుకులో పావువంతు ఇంకా ఉందన్నమాట. మారేవాటిలో నూటికి పదో పదకొండో ఆర్గాన్ అవుతాయి. ఆ ఆర్గాన్ కేంద్రకం కుదురుగా పుట్టదు, ఉద్రేకంతో పుడుతుంది. సెకనులో లక్ష కోట్లవ వంతో, కాస్త ఎక్కువో అలా ఉండి, ఒక గామా కిరణం వదిలి చల్లబడుతుంది. తల్లి ఓర్పు కోట్ల ఏళ్లు, బిడ్డ ఆవేశం రెప్పపాటైనా లేదు!

అంత చిన్న ఆయుష్షును కొలిచే గడియారమేది? గడియారం కాదు, రైలు కూత! రైలు దగ్గరికొస్తుంటే కూత హెచ్చుగా వినిపిస్తుంది, దాటిపోగానే తగ్గిపోతుంది. ఈ సంగతిని 1842లో ప్రాగ్ నగరంలో డాప్లర్ చెప్పాడు. 1845లో హాలండులో బాయ్స్ బాలట్ అనే ఆయన బాకాలూదేవాళ్లను రైలెక్కించి, దారి పక్కన సంగీతజ్ఞులను నిలబెట్టి, నిజమేనని తేల్చాడు.

కేంద్రకాల విషయంలోనూ అదే సూత్రం. కేంద్రకాన్ని ఒక లోహపు రేకులో వేగంగా దూసుకుపోయేలా కొడతారు. పరుగులో ఉండగానే కిరణం వదిలితే దాని శక్తి మారి కనిపిస్తుంది. రేకులో ఆగిపోయాక వదిలితే మారదు. ఆగడానికి పట్టే కాలం తెలుసు కనుక, ఉద్రేకం ఎంతసేపు నిలిచిందో లెక్క తేలుతుంది. తేలిక కేంద్రకాలు ఎన్నింటి ఆయుష్షునో ఇలాగే కొలిచారు. ఆయుష్షు తెలిస్తే లోపలి కూర్పు ఎలాంటిదో తెలుస్తుంది.

ఆ ప్రాగ్‌లోనే 1936లో మన తెలుగు సన్యాసి ఒకాయన భౌతికశాస్త్రంలో డాక్టరేటు అందుకున్నారు! 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారే స్వామి జ్ఞానానంద. హిమాలయాల్లో యోగసాధన చేసి, 1927లో జర్మనీ వెళ్లి, సైన్సులో పడ్డారు. న్యూట్రాన్‌ను కనిపెట్టిన ఛాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేశారు. తిరిగొచ్చాక 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు ప్రాణం పోశారు. 1969లో కన్నుమూశారు. కళ్లు మూసుకుని లోపలికి చూడడం నేర్చినాయన, పదార్థం లోపలికీ చూడమన్నారు!

మిక్సీ వచ్చాక రోలు పెరటికి చేరింది. అక్కడ వానకు తడుస్తూ ఉన్నా, దానిలో సెకనుకు వేలకొద్దీ కేంద్రకాలు ఉలిక్కిపడి ఊరుకుంటూనే ఉన్నాయి. భయపడకండి, ఆ పొటాషియం మన ఒంట్లోనూ ఉంది. నా భయమల్లా గుట్టల గురించే. వంటింటి గట్టు మీద పలకల కోసం వాటిని పేల్చి కోస్తున్నారు. 250 కోట్ల ఏళ్లు నిలిచిన రాయికి, మందుగుండు పెడితే ఒక్క పూట చాలు.