తాత డిశ్చార్జి పుస్తకం

మా ఇంట్లో ఒక రేకుపెట్టె ఉంది. దాంట్లో ఇంటి దస్తావేజులు, అవ్వ పెళ్ళినాటి వెండి కుంకుమభరిణె, అడుగున గుడ్డలో చుట్టిన తాత డిశ్చార్జి పుస్తకం. మూడు తరాలుగా అది ఆ పెట్టెలోనే ఉంది. చిన్నప్పుడు మేమెవరమూ దాన్ని తెరిచి చదవలేదు. తాత రాసిన నాలుగు ముక్కలు దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి గానీ అది ఇంగ్లీషు కాదు, రోమన్ ఉర్దూ. ఆ కాలంలో పల్టన్‌లో చదువంటే అదే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పటాలంలో ఉర్దూ. తాత చదువు అంతటితో సరి.

వేలూరు చుట్టుపట్ల మనవాళ్ళకు సిపాయి ఉద్యోగం కొత్త కాదు. క్లైవుతో బంగాళానికి పోయిన మద్రాసు సిపాయిలను చూసి ఉత్తరాదివాళ్ళు సిపాయి అంటేనే ‘తిలంగా’ అనేవాళ్ళు. అది మన తెలుగువాళ్ళ పేరే. ఇక్కడికి దగ్గర్లో ఉన్న కమ్మవాన్‌పేటను నేటికీ మిలిటరీ పేట అంటారు, ఇంటికొకరు చొప్పున పటాలంలో చేరినారని. మా తాత బెంగుళూరు పోయి మద్రాస్ శాపర్స్‌లో చేరి, బర్మా పోరులో వంతెనలు కట్టి, 1946లో తిరిగొచ్చినాడు. ఆరేళ్ళ సర్వీసుకు పింఛను రాదు. కొంచెం గ్రాట్యుటీ, రెండు పతకాలు, ఈ పుస్తకం. ఆ డబ్బుతో రెండెడ్లు కొన్నాడని అవ్వ చెప్పేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, సరిగ్గా అదే యుద్ధంలో, అదే పక్షాన పోరాడిన అమెరికా సిపాయికి ఇంటికి పోగానే కాలేజీ గేటు తెరుచుకుంది. ఆ కథ మన కుటుంబాలు తెలుసుకోదగ్గది.

మొదటి ప్రపంచ యుద్ధం చేసినవాళ్ళకు అమెరికా ఇస్తానన్న బోనసు వెంటనే ఇవ్వలేదు. 1932లో వేలమంది మాజీ సైనికులు పెళ్ళాం బిడ్డలతో వాషింగ్టన్ వచ్చి గుడిసెలు వేసుకుని కూర్చుంటే, సైన్యాన్నే పంపి బాష్పవాయువుతో తరిమినారు. రెండో యుద్ధం ముగిసేసరికి కోటిమందికి పైగా ఇళ్ళకు వస్తారు, ఉద్యోగాలు లేకపోతే ఏం గతి అన్న భయం పాలకులను పట్టుకుంది. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ బిల్లు ముసాయిదా రాసింది. 1944 జూన్ 22న రూజ్వెల్ట్ సంతకం చేసినాడు. దాన్నే జీఐ బిల్లు అంటారు.

ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, పుస్తకాల ఖర్చు ప్రభుత్వానిది. అప్పట్లో పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజు కూడా అందులో ఇమిడేది. పైగా తిండికి, అద్దెకు నెలకు ఒంటరివాడికి 50 డాలర్లు, సంసారం ఉన్నవాడికి 75. సర్వీసు కాలాన్ని బట్టి నాలుగేళ్ళ దాకా చదువుకోవచ్చు. డిగ్రీ ముందే ఉన్నవాడు ఆ కాలాన్ని పై చదువుకు వాడుకోవచ్చు. చదువు స్థాయి దిగజారుతుందని హార్వర్డ్, షికాగో అధ్యక్షులే భయపడినారు. జరిగింది వేరు. వయసు మీరి, సంసారం మోస్తూ వచ్చిన ఆ సైనికులే తరగతిలో బాగా చదివినారు. 1947లో కాలేజీల్లో దాదాపు సగంమంది వాళ్ళే. 1956లో పథకం ముగిసేనాటికి 78 లక్షలమంది చదువో శిక్షణో పొందితే, వాళ్ళలో 22 లక్షలమంది కాలేజీలకు పోయినవాళ్ళు.

అందరికీ సమంగా అందిందా అంటే, లేదు. కాగితం మీద చట్టానికి రంగు లేదు. కానీ అమలు స్థానికుల చేతుల్లో పెట్టినారు. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ కాలేజీలు నల్లజాతి సైనికులను చేర్చుకోలేదు, నల్లవాళ్ళ కాలేజీల్లో సీట్లు చాలలేదు. హక్కు ఉండి కూడా గడప దాటలేకపోయినవాళ్ళు ఎందరో.

మన దేశంలో ఆ యుద్ధానికి పోయినవాళ్ళు 25 లక్షలు. వాళ్ళకూ యుద్ధానంతర పునర్నిర్మాణ నిధి అని ఒకటి పెట్టినారు. అది ఉమ్మడి మేలుకు ఉద్దేశించింది. మా తాత వంటివాడు ‘నేను చదువుకుంటాను, ఫీజు కట్టండి’ అని అడిగే హక్కు ఎక్కడా లేదు. పాత రాజుల కాలంలో ఇనాం భూమి, తెల్లవాళ్ళ కాలంలో పింఛను, స్వరాజ్యం వచ్చినాక ఉద్యోగాల్లో కొంత వాటా. చదువు సాయం మన దగ్గర ఎక్కువగా సిపాయికి కాక అతని పిల్లలకు పోయింది. 1971 యుద్ధం తర్వాత, ప్రాణాలు పోయినవాళ్ళ, అంగవైకల్యం వచ్చినవాళ్ళ పిల్లల చదువు ఖర్చు ప్రభుత్వం భరించింది. 2017లో దానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టి, విమర్శలు వచ్చినాక 2018లో తీసేసినారు.

ఇప్పుడు మా ఇంటి మాట. మా చిన్నాన్న కొడుకు 2012లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోయినాడు. ఆ చదువు ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు మీద సాగింది. అక్కడి సైన్యం 2009 నుంచి మావ్నీ అనే పథకం కింద, పచ్చకార్డు లేకపోయినా చట్టబద్ధంగా ఉంటున్న పరదేశీయులను భాష కోసం, వైద్యం కోసం చేర్చుకునేది. కావలసిన భాషల జాబితాలో తమిళం ఉంది. తెలుగింటి పిల్లవాడు తమిళంలో పరీక్ష ఇచ్చి సిపాయి అయినాడు! వలస వచ్చిన ఊరి భాష అలా పనికొచ్చింది. సర్వీసులోనే పౌరసత్వం వచ్చింది. 2016లో ఆ పథకం ఆగింది. అప్పటికే సంతకం చేసి శిక్షణకు పిలుపు రాని వాళ్ళు వీసా గడువు తీరిపోతూ ఏళ్ళ తరబడి కాచుకున్నారు. మావాడు కొంచెం ముందు పోవడం వల్ల గట్టెక్కినాడు.

నాలుగేళ్ళు చేసి బయటికొచ్చి ఎంబీఏలో చేరినాడు. ఇప్పుడున్నది 2008లో వచ్చిన చట్టం. 36 నెలల క్రియాశీల సేవ ఉంటే సాయం పూర్తిగా, నూటికి నూరు పాళ్ళు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆ రాష్ట్రంవాళ్ళు కట్టే ఫీజు మొత్తం కడతారు. ప్రైవేటు అయితే ఒక పరిమితి, 2024-25లో అది ఏడాదికి సుమారు 28,937 డాలర్లు. మిగతాది ఎల్లో రిబ్బన్ ఒప్పందంలో ఉన్న విద్యాలయమూ ప్రభుత్వమూ పంచుకుంటాయి. ఇంటి అద్దె భత్యం, పుస్తకాలకు ఏడాదికి 1,000 డాలర్ల దాకా వేరే. మొత్తం మీద 36 నెలల చదువు. డిగ్రీ ఇండియాలోనే చదివిపోయిన మనవాళ్ళకు ఆ నెలలన్నీ పై చదువుకే మిగులుతాయి. 2013 జనవరి 1 తర్వాత సర్వీసు వదిలినవాళ్ళకు గడువు కూడా లేదు.

ఒక్క విషయంలో మావాడు ఇప్పటికీ నొచ్చుకుంటాడు. మిగిలిన నెలలు కూతురికి రాసివ్వాలంటే సర్వీసులో ఉండగానే రాయాలి. ఆరేళ్ళు పూర్తయి ఉండాలి, ఇంకో నాలుగేళ్ళు చేస్తానని ఒప్పుకోవాలి. వాడు నాలుగేళ్ళకే వచ్చేసినాడు.

ఇక్కడ మా పెద్దన్న మద్రాస్ రెజిమెంటులో హవల్దారుగా రిటైరైనాడు. ఆయన కూతురు ఎంసీఏలో చేరినప్పుడు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు పెట్టినాము. 2006లో మొదలైన ఈ పథకం మాజీ సైనికుల పిల్లలకు, భార్యను వదిలి కన్నుమూసిన జవాన్ల ఇల్లాళ్ళకు. వృత్తి విద్యా కోర్సులే దీనికి చెల్లుతాయి, వాటిలో పై చదువులంటే ఎంబీఏ, ఎంసీఏ. ప్రవేశానికి కావలసిన పరీక్షలో 60 శాతం ఉండాలి. 2019 నుంచి అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. దరఖాస్తు మొదటిసారి తిరిగొచ్చింది. పటాలం రికార్డులో అన్న పేరు ఇంటిపేరుతో ఉంది, పాప సర్టిఫికెట్లలో తమిళనాడు పద్ధతిలో ఒట్టి ఇనిషియలు ఉంది. అదీగాక పాప పుట్టిన సంగతి అన్న సకాలంలో రికార్డులో ఎక్కించుకోలేదు. తప్పు మాదే. అఫిడవిట్లు చేయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగి సరిచేసుకున్నాము. రెండేళ్ళకు 72,000 వచ్చింది. అమెరికా లెక్కతో చూస్తే చిన్న మొత్తమే. ఆ పాప హాస్టలు ఖర్చుకు మాత్రం మేము ఎవరినీ చేయి చాచలేదు.

సిపాయి జీతం వాడి కాలంలోనే ఖర్చయిపోతుంది. ఇనాం భూమి ముగ్గురు కొడుకులకు పంచితే గట్లే మిగులుతాయి. ఆయన సేవకు బదులుగా వచ్చిన చదువు పంచుకుంటే తరగదు. అయితే అది కాగితాల మీద నడిచే హక్కు. ఊరు మారి, ఇనిషియలు మారి, భాష మారిన మన కుటుంబాల్లో ఆ కాగితాలే ముందు చెదిరిపోతాయి.

మీ ఇంట్లోనూ ఒక రేకుపెట్టె ఉండే ఉంటుంది. ఈ ఆదివారం తెరిచి, పటాలంలో పనిచేసినవాళ్ళ పేరు ఎలా రాసి ఉందో, పిల్లల పేర్లు ఎక్కినాయో లేదో చూసుకోండి. మా తాత పుస్తకం వల్ల ఎవరికీ ఒక్క పైసా రాలేదు. అయినా దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి అడుగునే పెట్టినాము. దాని పైన పాప ఎంసీఏ పట్టా పెట్టినాము.