బందెలదొడ్డి నుంచి ఠాణా ఆవరణ దాకా

పొలంలో పడి మేసిన ఎద్దును తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టడం మన పల్లెలకు బాగా తెలిసిన సంగతే. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం దొడ్డి కాపరికి అప్పగించిన పనులు చదివితే ఈనాటికీ గౌరవం కలుగుతుంది. పశువులు రాగానే అవి ఎన్ని, వాటి ఆనవాళ్లేమిటి, ఏ రోజు ఏ గంటకు వచ్చాయి, తోలుకొచ్చింది ఎవరు, తెలిస్తే యజమాని ఎవరు అన్నవన్నీ అతను రిజిస్టరులో రాయాలి. రాసినదాని నకలు తోలుకొచ్చినవాడి చేతికివ్వాలి. విడిపించుకుపోయే దాకా మేత వేయాలి, నీళ్లు పెట్టాలి. అన్యాయంగా పట్టుకున్నారనుకుంటే పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గర మొర పెట్టుకునే వీలూ ఉంది.

ఎద్దు ఒక్కటే వస్తుంది. కారు అలా రాదు. ముందు అరలో ఆర్సీ, కళ్లద్దాలు, ఆస్పత్రి ఫైలు. వెనక సీట్లో లాప్‌టాప్. డిక్కీలో స్టెప్నీ, జాకీ, బట్టల సంచి. పోలీసులు బండిని పట్టుకుపోయి, వారానికో ఆరు నెలలకో తిరిగి ఇచ్చినప్పుడు బండి ఉండి లోపలివి లేకపోతే వాటికి జవాబుదారీ ఎవరు? మన న్యాయచరిత్ర ఈ ప్రశ్నకు చాలా ఆలస్యంగా, తడబడుతూ జవాబు వెతుక్కుంది. ఆ వెతుకులాటంతా నా దృష్టిలో ఒక కాగితం చుట్టూ తిరిగింది: సొమ్మును చేతిలోకి తీసుకున్న క్షణంలో రాసే జాబితా.

ప్రశ్న మాత్రం కారు కన్నా ఎంతో పాతది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ప్రకారం యజమాని తెలియని సొమ్మును రాజు మూడేళ్లు భద్రపరచాలి. నాదని వచ్చినవాడు దాని రూపం, సంఖ్య చెప్పి రుజువు చేసుకోవాలి. ఆ సొమ్మును అధికారుల కాపలాలో ఉంచాలి, అక్కడి నుంచి దొంగిలించినవాణ్ని ఏనుగుతో చంపించాలి. శిక్ష ఘోరమైనదే. కానీ రాజు కాపలాలో ఉన్న సొమ్ముకూ దొంగభయం ఉంటుందన్న ఎరుక అందులో ఉంది. బ్రిటిష్ పాలనలో వచ్చిన 1861 పోలీసు చట్టం 25వ సెక్షన్ కూడా, దిక్కులేని సొమ్మును స్వాధీనం చేసుకున్న పోలీసు అధికారి దాని జాబితాను జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలంది. అంటే జాబితా రాయడం మన పోలీసులకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

అసలు చిక్కు, జాబితా ఉన్నా సొమ్ము పోతే ఏమిటన్నది. దానికి స్వతంత్ర భారతం ఇచ్చిన మొదటి పెద్ద జవాబు చేదుగా ఉంది. 1947 సెప్టెంబరు 20 రాత్రి అమృత్‌సర్‌కు చెందిన ఒక నగల వర్తకుడు మీరట్‌లో పోలీసులకు చిక్కాడు. బంగారం, వెండి అమ్ముకోవడానికి వచ్చిన మనిషి. దొంగ సొమ్మేమోనన్న అనుమానంతో అంతా తీసుకుని అతన్ని లాకప్‌లో పెట్టారు. మర్నాడు జామీను మీద వదిలారు. కొన్నాళ్లకు వెండి తిరిగి ఇచ్చారు. నూటమూడు తులాల పైచిలుకు బంగారం మాత్రం రాలేదు. జప్తు సొమ్ము దాచే మాల్‌ఖానాను చూసుకునే హెడ్ కానిస్టేబులే దాన్ని కాజేసి అక్టోబరులో పాకిస్తాన్‌కు పారిపోయాడు. దేశం రెండు ముక్కలవుతున్న రోజులవి.

వర్తకుడి సంస్థ దావా వేసింది. కింది కోర్టు గెలిపించింది, హైకోర్టు ఓడించింది. 1964లో సుప్రీంకోర్టు కస్తూరీలాల్ కేసు తీర్పు చెబుతూ పోలీసుల నిర్లక్ష్యాన్ని కాదనలేదు. అయినా అరెస్టు, సోదా, జప్తు సార్వభౌమాధికారంతో చేసే పనులు గనుక వాటిలో జరిగిన తప్పుకు ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వనక్కరలేదంది. సార్వభౌమ పనులకూ మిగతా ప్రభుత్వ పనులకూ మధ్య చూపించే ఈ తేడాకు మూలం 1861లో కలకత్తాలో తేలిన ఒక స్టీమర్ కంపెనీ దావా. ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ ధర్మాసనం ఈ స్థితి బాగోలేదని గుర్తించి, చట్టసభలు దీన్ని చూడాలని కోరింది. కోరిన ఆ చట్టం రాలేదు. సొమ్ము పోగొట్టుకున్నవాడు ఆ తీర్పును చదివితే ఎంత కుమిలిపోతాడో ఊహించగలను.

మూడేళ్లకే మరో దారి తెరుచుకుంది, అదీ వాహనాల కేసులోనే. జునాగఢ్ సంస్థానపు కస్టమ్స్ వాళ్లు 1947లో రెండు ట్రక్కులు, ఒక స్టేషన్ వాగన్ జప్తు చేశారు. తర్వాత అప్పీలులో ఆ జప్తు చెల్లదని, బళ్లు తిరిగి ఇవ్వాలని తేలింది. అప్పటికే వాటిని దిక్కులేని సొమ్ముగా చూపించి అమ్మేశారు. 1967లో సుప్రీంకోర్టు ఇలా తర్కించింది: ఒకరి వస్తువును చేతిలో పెట్టుకున్నవాడికి, ఒప్పందం లేకపోయినా, దాన్ని జాగ్రత్తగా చూసే బాధ్యత ఉంటుంది. తిరిగి ఇవ్వాల్సి వస్తుందేమోనని తెలిసి ఉన్న ప్రభుత్వానికీ అంతే. 1977లో బసవ్వ కేసులో ఇంకో అడుగు పడింది. దొంగల నుంచి దొరికిన నగలు పోలీసుల కాపలాలోనే మాయమైతే, వస్తువు లేదు కదా అని చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పి, దాని విలువగా పదివేల రూపాయలు ఇవ్వమంది. 1994లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన నాగేంద్రరావు కేసు ఆ వరసలో గట్టిది. 1975లో అధికారులు ఒక వ్యాపారి ఎరువులు, ధాన్యం జప్తు చేశారు. విడుదలయ్యేసరికి సరుకు పాడైంది, తరిగింది. ఆ నష్టానికి ప్రభుత్వమే బాధ్యురాలంది సుప్రీంకోర్టు.

కారు లోపలి సామాను మీద సూటిగా దృష్టి పెట్టిన తీర్పు మాత్రం అమెరికాలో వచ్చింది. దక్షిణ డకోటాలోని వెర్మిలియన్ పట్టణంలో 1973 డిసెంబరులో రాత్రిపూట నిలపకూడని చోట నిలిపిన కారును లాక్కెళ్లారు. డాష్‌బోర్డు మీద చేతిగడియారం, సీట్ల మీద వస్తువులు బయటికి కనిపిస్తుంటే పోలీసు తలుపు తెరిపించి జాబితా రాశాడు. ముందు అరలో గంజాయి దొరికింది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఆ జాబితాను సమర్థించింది. యజమాని సొమ్ము భద్రంగా ఉండటం, పోయిందన్న గొడవల నుంచి పోలీసులకు రక్షణ అన్నవి అది చెప్పిన కారణాల్లో రెండు. అదే ఏడాది దక్షిణ డకోటా సొంత కోర్టు ఆ సోదా తమ రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. సామాను కాపాడే జాబితా కోసం ఒకరి అరలోకి ఇంకొకరు చేయి పెట్టాలి. అందుకే యజమాని ఎదుటే, ఒక క్రమం ప్రకారం జరగాలి.

మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్ బండిని ఆపి ఉంచే అధికారి తాత్కాలిక భద్రతకు తగిన ఏర్పాటు చేయాలంటుంది. లోపలి వస్తువుల ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేదు. 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసు వచ్చింది. ఠాణాలో ఉన్న కేసు సొమ్మును మార్చేశారని గుజరాత్ పోలీసుల మీదే పడిన ఆరోపణల నుంచి పుట్టిన కేసది. సొమ్మును పదిహేను రోజులు, మహా అయితే నెల మించి ఠాణాలో ఉంచొద్దని, వివరంగా పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు మీద యజమానికి ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఠాణాల ముందు తుప్పు పట్టే బళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పింది. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద బీమా సంస్థల మండలి వేసిన కేసులోనూ ఆ ఆదేశాలను అమలు చేయాలని మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ జాబితాను కాగితం నుంచి తెర మీదికి తెచ్చింది. సోదా, జప్తు, వాటి జాబితా తయారీ, సాక్షుల సంతకాలు అన్నీ 105వ సెక్షన్ ప్రకారం వీడియో తీయాలి. కోర్టు ముందుకు వచ్చిన సొమ్ము వివరాలను 497వ సెక్షన్ ప్రకారం పద్నాలుగు రోజుల్లో నమోదు చేయాలి.

అయితే బండి విడుదల కోరే పిటిషన్‌లో నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మాత్రమే రాసి లోపలి సామాను మాట మరిచిపోతే దాని గురించి కోర్టు అడగదు. తాళం చేతికి రాగానే ‘అన్నీ సరిగ్గా ముట్టాయి’ అని రాసి ఉన్న రసీదు మీద డిక్కీ తెరవకుండా సంతకం పెడితే, ఇన్ని కోర్టులు ఇన్నేళ్లు కష్టపడి తెరిచిన దారి ఆ ఒక్క సంతకంతో ఇరుకైపోతుంది. ముందు డిక్కీ తెరవాలి, అరలు చూడాలి. లేనిదేదో ఆ రసీదు మీదే రాసి, ఆ తర్వాత సంతకం పెట్టాలి.