నోమ్: ఫాంటసీ ఆటల్లో చోటు వెతుక్కున్న చిన్న జాతి

పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఆటగాడు మొదట తేల్చుకోవలసిన విషయాల్లో ఒకటి తన పాత్ర ఏ జాతిదన్నది. మనిషి, ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్‌ల సరసన ఆ జాబితాలో కనిపించే మరో పేరు నోమ్. మూడు నాలుగు అడుగుల ఎత్తు, వందల ఏళ్ల ఆయుష్షు, చురుకైన బుర్ర, కనికట్టు విద్యలపై మక్కువ ఈ జాతి లక్షణాలు. మిగతా జాతుల రూపురేఖలు తొలినాళ్లలోనే స్థిరపడ్డాయి. నోమ్ మాత్రం దశాబ్దాలుగా మారుతూనే ఉంది. ఒక దశలో ఆట ప్రధాన పుస్తకంలోనే దానికి చోటు దక్కలేదు.

తెలుగులో డ్వార్ఫ్‌నూ నోమ్‌నూ మరుగుజ్జు అనే ఒకే మాటతో చెబితే తేడా చెరిగిపోతుంది. డ్వార్ఫ్ అంటే గడ్డం, గొడ్డలి, కొలిమి, వంశ గౌరవం. మరి నోమ్ అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆటల రూపకర్తలు రకరకాల జవాబులు చెప్పారు.

మట్టిలో పుట్టిన పేరు

నోమ్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది 16వ శతాబ్దపు స్విస్ వైద్యుడు, రసవాది పారాసెల్సస్. నీరు, గాలి, నిప్పు, భూమి అనే నాలుగు భూతాలకూ ఒక్కో రకం జీవిని ఆయన ఊహించారు. వాటిలో భూమికి చెందినది నోమ్. మనం గాలిలో తిరిగినంత తేలిగ్గా అది మట్టిలోనూ రాతిలోనూ తిరుగుతుందని ఆయన భావన. ఈ విషయాలపై ఆయన గ్రంథం మరణానంతరం 1566లో అచ్చయింది. తర్వాతి కథల్లో నోమ్‌లు భూగర్భ నిధుల కాపలాదారులయ్యాయి. మన పురాణాల్లో కుబేరుడి నిధులను కాచే గుహ్యకులు వీటికి దగ్గరి పోలిక. 19వ శతాబ్దంలో జర్మనీలో తయారైన ఎర్రటోపీ తోట బొమ్మలతో ఆ పేరు వినోదానికి గుర్తుగా మారింది.

ఎల్ఫ్, డ్వార్ఫ్, హాబిట్‌లకు టోల్కీన్ నవలలు ఒక రూపం, చరిత్ర, భాష ఇచ్చాయి. నోమ్‌కు ఆ అదృష్టం దక్కలేదు. టోల్కీన్ తొలి రాతల్లో ఎల్ఫ్‌ల్లో ఒక శాఖను నోమ్‌లని పిలిచినా, తర్వాత ఆ పేరు వదిలేశారు. కాబట్టి ఈ జాతిని తీసుకున్న ఆటల రూపకర్తలకు అనుసరించడానికి గట్టి సాహిత్య నమూనా లేకపోయింది. అదే నోమ్ బలహీనత, అదే దాని స్వేచ్ఛ.

పుస్తకంలోకి, బయటికి, మళ్లీ లోపలికి

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. అందులో నోమ్ ఎదురుపడే జీవుల జాబితాలోనే ఉంది. ఆటగాళ్లు ఎంచుకోదగ్గ జాతిగా 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో చోటు సంపాదించింది. భ్రమలు కల్పించే ఇల్యూజనిస్ట్ కావడానికి నోమ్‌కు అనుమతి ఉండటం అప్పట్లో దాని ప్రత్యేకత.

1980లలో డ్రాగన్‌లాన్స్ కథాలోకం మరో ముఖం ఇచ్చింది. అక్కడి టింకర్ నోమ్‌లు ఎడతెగని పొడవు పేర్లు పెట్టుకుని, ఎప్పుడూ ఏదో యంత్రం తయారుచేస్తూ ఉంటాయి. ఆ యంత్రాలు సాధారణంగా పనిచేయవు, పనిచేస్తే ప్రమాదం. పాఠకులు బాగా నవ్వుకున్నారు. కానీ నవ్వించే పాత్ర అనే ముద్ర బలంగా పడిపోయింది.

మూడో ఎడిషన్‌లో (2000) నోమ్‌కు అనుకూలమైన వృత్తి ఇల్యూజనిస్ట్. 2003 నాటి సవరణలో అది పాటగాడైన బార్డ్‌గా మారింది. డ్వార్ఫ్‌కూ హాఫ్లింగ్‌కూ మధ్య దీనికి సొంత స్థానం ఏదన్న విమర్శ ఆటగాళ్లలో ఉండేది. 2008లో నాలుగో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నోమ్‌ను పక్కనపెట్టి, టీఫ్లింగ్, డ్రాగన్‌బోర్న్ వంటి జాతులను తెచ్చింది. నోమ్ మాన్‌స్టర్ మాన్యువల్‌కు పరిమితమైంది. 2009లో రెండో హ్యాండ్‌బుక్‌తో తిరిగొచ్చింది. ఈసారి ఫేవైల్డ్ అనే మాయాలోకంలో ఫొమోరియన్ల బానిసత్వం నుంచి తప్పించుకున్న జాతిగా దానికి ఒక గతం వచ్చింది. దాక్కోవడం, కనికట్టు చేయడం అప్పుడు సరదా విద్యలు కావు, ప్రాణం కాపాడుకునే మార్గాలు.

గెలిచిన నమూనాలు

నోమ్ బాగా కుదిరిన చోట్ల ఒక పోలిక కనిపిస్తుంది. దాని విచిత్ర స్వభావానికి వెనక ఒక అవసరం ఉంటుంది.

2004లో వచ్చిన ఎబెరాన్ లోకంలో జిలార్గో అనేది నోమ్‌ల దేశం. చిన్న శరీరంతో బతకాలంటే పక్కవారి రహస్యాలు తెలిసి ఉండాలన్నది వారి నీతి. ట్రస్ట్ అనే రహస్య వ్యవస్థ ఆ దేశాన్ని నడిపిస్తుంది. నవ్వుతూ పలకరించే నోమ్ అక్కడ భయం పుట్టిస్తుంది.

అదే ఏడాది విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో నోమ్‌లు శరణార్థులు. వారి నగరం నోమెరెగాన్‌పై ట్రాగ్‌లు దాడి చేస్తే, ఒక సలహాదారుడి మాట విని నాయకుడు విష వికిరణాన్ని వదులుతాడు. సొంత జనమే పెద్దసంఖ్యలో చనిపోతారు. మిగిలినవారు డ్వార్ఫ్‌ల రాజధానిలో తలదాచుకుంటారు. టింకర్ నోమ్‌ల విఫల యంత్రాల్లాంటిదే ఈ కథ కూడా. కాకపోతే వైఫల్యానికి ఇక్కడ మూల్యం ఉంది.

పాత్‌ఫైండర్ ఆట ఇంకో దారి తొక్కింది. అక్కడి నోమ్‌లకు కొత్త అనుభవాలు లేకపోతే క్రమంగా రంగు వెలిసిపోతుంది. బ్లీచింగ్ అనే ఆ స్థితి చాలావరకు మరణానికి దారితీస్తుంది. వింత టోపీలు, పిచ్చి ప్రయోగాలు, ఆగని ప్రశ్నలు అన్నిటికీ ఒక్కసారిగా కారణం దొరికింది: విసుగు వాటిని చంపేస్తుంది.

2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో బార్కస్ రూట్ అనే నోమ్ గాలిమరకు కట్టేసి ఉండగా ఆటగాడికి తారసపడతాడు. తప్పు మీట నొక్కితే అతను ఆకాశంలోకి ఎగిరిపోతాడు. నవ్వొస్తుంది, కానీ అతని కథ అక్కడితో ముగిసిపోతుంది. కాపాడితే, తనను చులకన చేసే స్నేహితుడి కోసం వెతుకుతున్న ఒక మనిషి కథ తెలుస్తుంది. నోమ్‌ను ఎలా చూడాలన్న నిర్ణయం ఆటగాడి చేతిలో పెట్టిన సన్నివేశమిది.

పాత్ర పోషణలో మెళకువలు

నోమ్ పాత్ర తీసుకున్నవారు తరచూ చేసే పొరపాటు హాస్యాన్నే స్వభావంగా భావించడం. నాలుగు వారాల ఆట తర్వాత ఆ హాస్యం తోటి ఆటగాళ్లకు విసుగు తెప్పిస్తుంది. అంతకంటే ఉపయోగపడే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ నోమ్ ఏం తెలుసుకోవాలనుకుంటోంది? దేన్ని దాస్తోంది? నాలుగైదు వందల ఏళ్లు బతికే జీవికి మనుషుల స్నేహం ఎంత క్షణికంగా కనిపిస్తుంది?

నియమాలు కూడా ఇందుకు సాయపడతాయి. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో మనసుపై పనిచేసే చాలా మంత్రాలను నోమ్ ఇతరులకన్నా బాగా తట్టుకుంటుంది. అడవి నోమ్ చిన్న జంతువులతో భావాలు పంచుకోగలదు. రాతి నోమ్ ఒక గంట శ్రమతో చిన్న మరబొమ్మ చేయగలదు. భారీ ఆయుధాలు మాత్రం దానికి లొంగవు. ఈ పరిమితిని సరిగ్గా వాడుకుంటే, పాత్ర కండబలంతో కాక ఉపాయంతో నెగ్గుకురావలసి వస్తుంది.

2024 హ్యాండ్‌బుక్ రేస్ అనే పదాన్ని వదిలి స్పీషీస్ అంది. తెలివి, బలం వంటి అంకెల పెంపును పుట్టిన జాతి నుంచి తీసేసి, పాత్ర పెరిగిన నేపథ్యానికి ముడిపెట్టింది. పుట్టుకను బట్టి ఒక సమూహమంతా ఇలాగే ఉంటుందనడంపై ఏళ్ల తరబడి సాగిన చర్చ దీని వెనక ఉంది. నోమ్ వరకు చూస్తే, తెలివైన విదూషకుడనే ముద్ర నియమాల్లో కొంత సడలింది. బలశాలి నోమ్‌ను, మాటకారి నోమ్‌ను, ఏ యంత్రాన్నీ ముట్టని నోమ్‌ను తయారుచేసుకోవడం ఇప్పుడు మునుపటికన్నా తేలిక.