సూర్యునిలో ఏం కాలుతోంది?

ఎండాకాలం ఒంటిపూట బడి. నాపరాళ్లు పరిచిన వరండాలో మా సైన్సు మాస్టారిని అడిగాను: "సార్, సూర్యునిలో ఏం కాలుతుంది? ఎప్పటికీ అయిపోదా?" ఆయన దాచుకోలేదు. "నాకూ సరిగా తెలీదురా. పెద్ద చదువులకు పోయినాక తెలుసుకొని వచ్చి నాకు చెప్పు" అన్నారు. ఇంజనీరునయ్యాను, తలనెరిసింది, ఆ బాకీ మాత్రం తీరలేదు. ఈ స్వర్ణోత్సవ సంచికలో తీరుస్తున్నాను.

19వ శతాబ్దపు మేధావులనూ ఇదే ప్రశ్న వేధించింది. సూర్యుడు మొత్తం బొగ్గే అయితే కొన్ని వేల ఏళ్లలో బూడిద కావాలి. తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడి పుట్టిస్తున్నాడని హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్ లెక్కగట్టారు. అలా చూసినా కొన్ని కోట్ల ఏళ్లకు మించి రాదు.

మన కడప రాళ్లు ఆ లెక్కకు ఒప్పుకోవు. వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్ల వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. వాటిలో పొరలు పొరలుగా కనిపించే గుర్తులు ఎండ మీద ఆధారపడి బతికిన సూక్ష్మజీవులవి. అంటే అప్పటికే ఇక్కడ సముద్రం ఉంది, దాని మీద ఎండ కాస్తోంది!

జవాబుకు దారి చూపిన ఆనవాలు ఒకటి మన గుంటూరుతో ముడిపడి ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అక్కడికి వచ్చాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి పరిశీలించాడు. ఆ వెలుగులోని ఒక పసుపుపచ్చ గీత సోడియంది కాదని అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. ఆ కొత్త మూలకమే హీలియం. 1895లో రామ్సే దాన్ని భూమి మీద యురేనియం ఉన్న రాతిలో పట్టుకున్నాడు. యురేనియం క్షీణిస్తూ హీలియం వదులుతుంది. మన తుమ్మలపల్లె గని రాళ్లలోనూ అది జరుగుతూనే ఉంది.

సూర్యునిలో హీలియం పుట్టే తీరు వేరు. 1920లో ఎడింగ్టన్ ఊహించాడు, 1939 నాటికి బేతే వివరించాడు. కోటిన్నర డిగ్రీల వేడిలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. తూకం వేస్తే నూటికి 0.7 వంతు తరుగు. ఆ తరుగే వెలుగు, వేడి. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ మారితే, 40 లక్షల టన్నులు శక్తిగా బయటపడతాయి. ఇంకో 500 కోట్ల ఏళ్లకు సరిపడా సరుకుంది. నక్షత్రాలన్నీ తమ జీవితంలో ఎక్కువ కాలం వెలిగేది ఇలాగే.

మనం తిట్టుకుంటూ పెరిగిన ఆ ఎండతోనే కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి కరెంటు ఇస్తోంది.

మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి: "అది కాలడం కాదు సార్, కలవడం."