తాత కెమెరా, 620 స్పూలు

మొన్న పూతలపట్టు వెళ్ళినప్పుడు అవ్వ ట్రంకుపెట్టెలో తాత కొడాక్ బ్రౌనీ కెమెరా దొరికింది. దానికి 620 ఫిల్మ్ కావాలి.

1901 నుంచీ 120 ఫిల్మ్ ఉండగా, కొడాక్ 1931లో అదే ఫిల్మ్‌ని సన్నటి స్పూలుకి చుట్టి 620 అని పేరు పెట్టింది. కెమెరా చిన్నదవుతుందన్నది సాకేనని నా అనుమానం. మన భాషలో వెండర్ లాక్-ఇన్ :) 1995లో 620 ఆపేసింది. 120 ఇప్పటికీ దొరుకుతుంది గానీ ఇందులో పట్టదు. చీకట్లో 620 స్పూలుకి తిరగచుట్టుకోవాలి.

కెమెరాలో ఉన్నది ఒక్కటే, తాత వాడిన ఇనప స్పూలు. ఫిల్మ్ చుట్టడానికి ఇంకోటి కావాలి. ఆర్డరిస్తే త్రీడీ ప్రింటర్ మీద చేసిచ్చే ఒకాయన దగ్గర తెప్పించాను. మూడు వారాలు పట్టింది.

ఫొటోలు తీసేకొద్దీ ఫిల్మ్ కొత్త స్పూలు మీంచి తాత స్పూలు మీదకి చేరుతుంది కదా. అలాగే ల్యాబులో ఇచ్చేశా. ఫిల్మ్ కడిగిచ్చారు, స్పూలు పారేశారు! దాచమని ముందే చెప్పాల్సింది నేనే.

ఇంకోటి ఆర్డరిచ్చాను. ఫొటోలో అవ్వ బాగా పడింది. స్పూలు సంగతి ఇంకా చెప్పలేదు.